రైటరు గారి బెయిలు

జిల్లాలో సెషన్స్ జడ్జి గారుంటారు. హైకోర్టులో న్యాయమూర్తులుంటారు. ఢిల్లీలో సుప్రీంకోర్టు ఉంటుంది. పెద్ద కేసులో బెయిలు ఇవ్వాలో వద్దో వీళ్లంతా తేలుస్తారని రాజ్యాంగమూ, సినిమాలూ, టీవీ చర్చలూ కలిసి మనల్ని నమ్మించాయి. అమాయకులం, నమ్మేశాం. అసలు ఆ పని చేసేది పోలీస్ స్టేషన్లో ఓ మూల బల్ల దగ్గర, కార్బన్ పేపర్ల రోజుల నుంచి కంప్యూటర్ల రోజుల దాకా కదలకుండా కూర్చున్న స్టేషన్ రైటరు గారు. తలరాత బ్రహ్మ రాస్తాడంటారు గానీ, పాపం బ్రహ్మకు ఎఫ్.ఐ.ఆర్. రాసే అధికారం లేదు.

ఓ గట్టు తగాదా తీసుకోండి. అన్నదమ్ముల పిల్లలు పొలం గట్టు మీద కర్రలు పట్టుకున్నారు. ఒకడి భుజం వాచింది. కాగితంలో 'కర్రతో కొట్టాడు' అని ఉంటే దెబ్బల కేసు. నోటీసు చేతిలో పెట్టి పంపేస్తారు, రాత్రి భోజనం ఇంట్లోనే. అదే కాగితంలో 'చంపే ఉద్దేశముతో తలపై కొట్టబోగా, ఫిర్యాది తల పక్కకు తిప్పుకొనగా, దెబ్బ భుజమునకు తగిలినది' అని పడిందా, హత్యాయత్నం. పాత లెక్కలో 307, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత లెక్కలో 109. భుజం అదే, వాపు అదే, ఆసుపత్రిలో రాసిచ్చిన నొప్పి మాత్రలూ అవే. కలిసింది ఒక్క వాక్యం. ఆ వాక్యం ఖరీదు రిమాండు, సెషన్స్ కోర్టు, వకీలు ఫీజు, పోయిన పంట. తల తిప్పుకోవడంలో మన ఫిర్యాదుదార్లకున్న చురుకుదనం ఒలింపిక్స్‌కు పంపదగినది. ఏ స్టేషన్లో చూసినా దెబ్బ తలకు గురిపెట్టి భుజానికే తగులుతుంది. ఎస్సై గారికి ఫోను ఏ నాయకుడి ఇంటి నుంచి వచ్చిందన్నది మాత్రం వైద్యుడి సర్టిఫికెట్లో కనపడదు.

ఇప్పుడు బెయిలు పిటిషను. బెంచ్ క్లర్కు నంబరు పిలుస్తాడు. వకీలు లేచి, 'తప్పుడు కేసు సార్, ఏ షరతు పెట్టినా కట్టుబడతాం' అంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే పి.పి. గారు కౌంటరుకు టైమ్ అడుగుతారు. సోమవారానికి వాయిదా. సోమవారం కౌంటరు వస్తుంది, కేస్ డైరీ రాదు. గురువారం డైరీ వస్తుంది, దర్యాప్తు అధికారి మంత్రిగారి పర్యటన బందోబస్తులో ఉంటారు. ఆ పై వారం జడ్జి గారు సెలవు. ఇన్‌చార్జి జడ్జి గారు 'రెగ్యులర్ కోర్టు ముందు పెట్టుకోండి' అంటారు. ములాఖత్‌లో కటకటాల అవతల నుంచి భార్య 'ఈ వారం అయిపోతుందట' అని చెప్పి వస్తుంది. పోయిన వారమూ అదే చెప్పింది.

చివరికి ఆర్డరు వస్తుంది. దాని తీరు చదవకుండానే చెప్పవచ్చు. మొదటి పేరాలో 'బెయిలు నియమం, జైలు మినహాయింపు' అని ఉంటుంది. 1977లో బాల్‌చంద్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ చెప్పిన మాట. రెండో పేరా వ్యక్తి స్వేచ్ఛ ఎంత పవిత్రమో చెబుతుంది. మూడో పేరా 'అయినప్పటికీ' అని మొదలవుతుంది. చదివే వకీలు కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకునేది అక్కడే. నేర తీవ్రత దృష్ట్యా, దర్యాప్తు కీలక దశలో ఉన్నందున, సాక్షులను బెదిరించే అవకాశం ఉన్నందున, కేసు మంచిచెడ్డల్లోకి పోకుండా, పిటిషను కొట్టివేయడమైనది.

ఈ 'నేర తీవ్రత' ఎక్కడిది? రైటరు గారి వాక్యంలోది. ఆరోపణ ఎంత పెద్దదైతే దానికి అంత గట్టి ఆధారం చూపమనాలి కదా. బెయిలు కోర్టులో ఆరోపణ ఎంత పెద్దదైతే ఆధారం గురించి అంత తక్కువ అడుగుతారు. దొంగతనం కేసయితే 'సొత్తు దొరికిందా' అని ఓ ప్రశ్న పడుతుంది. హత్య, కుట్ర, దేశద్రోహం అనగానే ప్రశ్నలన్నీ మర్యాదగా లేచి బయటికి వెళ్లిపోతాయి. పారిపోతాడా, సాక్ష్యం చెరుపుతాడా, సాక్షుల జోలికి పోతాడా అన్న మూడు విషయాలు ముఖ్యంగా చూడవలసినవని సుప్రీంకోర్టే పలుమార్లు చెప్పింది. ఈ మూడింటికీ జవాబు మనిషిని బట్టి ఉంటుంది, సెక్షను నంబరును బట్టి కాదు. కానీ మనిషిని చూడటానికి టైము పడుతుంది. నంబరైతే పిటిషను మొదటి పేజీలోనే ఉంటుంది.

బెయిలు తత్వం మొత్తం ఒక తెలుగు కేసులోనే ఉందని మనలో చాలామందికి తెలియదు. గుడికంటి నరసింహులు వర్సెస్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. ఇదీ 1977దే. హత్య కేసు. సెషన్స్ కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, సుప్రీంకోర్టులో అప్పీలు తేలేలోగా బెయిలు కావాలన్నారు. కృష్ణయ్యర్ బెయిలిచ్చారు. ఇస్తూ, బెయిలన్నది నేర న్యాయంలో మసకగా ఉన్న చోటు అనీ, అది చాలావరకు బెంచీ మీద కూర్చున్నవారికి ఏం తోస్తే దాని మీద ఆధారపడుతుందనీ, ఆ తోచడానికే న్యాయ విచక్షణ అని పేరు పెట్టుకున్నామనీ రాశారు. ఆయన రాసింది ఎత్తిపొడుపు. మన కోర్టులు దాన్ని పని విధానంగా స్వీకరించాయి.

2022 జాతీయ జైలు గణాంకాల ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది. వారిలో విచారణ ఖైదీలు 4,34,302. బెయిలు దొరికినవాళ్లు జైలు లెక్కలో కనపడరు కాబట్టి ఈ అంకెతో అంతా తేలదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ జైల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివారే అయితే, ఇక్కడ మినహాయింపు ఏదో నియమం ఏదో వెతికి చెప్పేవారికి మంచి ఉద్యోగం ఇప్పించవచ్చు.

ఇదంతా మామూలు చట్టం సంగతి. ప్రత్యేక చట్టాలకు వస్తే రైటరు గారికి పదోన్నతి కూడా వస్తుంది.

మత్తు పదార్థాల చట్టంలో గంజాయికి గీత 20 కిలోలు. దాటితే వాణిజ్య పరిమాణం. దాటాక 37వ సెక్షను అడ్డం పడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో కూలి డబ్బులకు మూట మోసిన కుర్రాడి జీవితం ఆ కాటా ముల్లు మీద ఊగుతుంది. చట్టం నిర్వచనంలో గంజాయి అంటే పూత, కాత ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ, గింజలూ లెక్కలోకి రావు. పంచనామాలో మూట మూటగానే తూగుతుంది. కాడ తూగింది, ఆకు తూగింది, తడి తూగింది అని వకీలు మొత్తుకుంటే 'అవన్నీ ట్రయల్లో చూసుకోవచ్చు' అంటారు. ట్రయలు ఎప్పుడో కాటాకు తెలియదు. డబ్బు పెట్టిన సేటు పేరు మాత్రం చార్జిషీటులో 'పరారీలో ఉన్న ఎ-3'గా ఏళ్ల తరబడి క్షేమంగా ఉంటుంది. బెయిలు రాకపోవడమనే బాధ అతనికి లేదు, ఎందుకంటే అతన్ని ఎవరూ పట్టుకోలేదు.

ఈ 37వ సెక్షను జడ్జి గారిని రెండు నమ్మమంటుంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలుండాలి. బయటికి వెళితే మళ్లీ నేరం చేయడనీ నమ్మాలి. మొదటిది విచారణ మొదలుకాకుండానే తీర్పు. రెండోది జాతకం. న్యాయశాస్త్రం చదివిన పెద్దమనిషిని కూర్చోబెట్టి ఉగాది పంచాంగ శ్రవణం చేయమంటే ఆయన మాత్రం ఏం చేస్తారు, రాజపూజ్యం సున్నా, అవమానం ఆరు అని చదివి కొట్టేస్తారు. మనీ లాండరింగ్ చట్టం 45వ సెక్షనులోనూ ఇవే జంట షరతులు. 2017లో సుప్రీంకోర్టు వాటిని రాజ్యాంగ విరుద్ధమంది. 2018లో పార్లమెంటు కొన్ని పదాలు మార్చింది. 2022 జులై 27న విజయ్ మదన్‌లాల్ చౌదరి తీర్పులో అదే సుప్రీంకోర్టు భేషుగ్గా ఉన్నాయంది. అయిదేళ్లలో షరతులు మారలేదు, రాజ్యాంగమూ మారలేదు. మధ్యలో జైలుకెళ్లినవాళ్లు ఏ ఏడాదిలో అరెస్టు కావాలో ముందుచూపు లేకపోవడం వారి తప్పు.

ఇక చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అదే ఉపా. ముంబై దాడుల తర్వాత 2008లో చేర్చిన 43డి(5) నిబంధన ప్రకారం, కేస్ డైరీ లేదా చార్జిషీటు చూసి ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిలు కుదరదు. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కి, ఆ దశలో సాక్ష్యాలను తరచి తూచవద్దంది. అంటే పోలీసులు రాసినదాన్ని, పోలీసులు రాసినట్టుగానే చదివి, పోలీసులు రాసింది నిజంలాగే ఉందా అని చూడాలి. ఉంటుంది మరి. ఎందుకుండదు? అబద్ధంలాగా రాయమని ఏ అధికారికి శిక్షణ ఇచ్చారు? 2021లో నజీబ్ కేసులో, అయిదేళ్లకు పైగా లోపలున్నవాడికి విచారణ త్వరగా ముగిసే దారి లేకపోతే ఈ అడ్డంకి కరగవలసిందేనని కాస్త దయ చూపారు. అంటే దారి ఉంది. అయిదేళ్ల పొడవుంది.

2020 నవంబరులో నవీ ముంబై దగ్గరి తలోజా జైలుకు ఒకసారి వెళదాం. ఆత్మహత్యకు ప్రేరేపించారన్న కేసులో అర్ణబ్ గోస్వామిని ఆ నెల 4న అరెస్టు చేశారు, తర్వాత తలోజాకు తెచ్చారు. 11న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. స్వేచ్ఛ ఒక్క రోజు పోయినా అది ఎక్కువేనని తీర్పులో రాసింది. అక్షరాలా ఒప్పుకోవలసిన మాట. అదే జైల్లో అప్పుడు ఉపా కేసులో 83 ఏళ్ల ఫాదర్ స్టాన్ స్వామి ఉన్నారు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కావాలని 6న ప్రత్యేక కోర్టును అడిగారు. జవాబు చెప్పడానికి ఎన్.ఐ.ఏ. 20 రోజుల గడువు కోరింది. గడువు దొరికింది. ప్లాస్టిక్ స్ట్రా మీద అంత లోతైన దర్యాప్తు ప్రపంచంలో మరెక్కడా జరిగి ఉండదు. 2021 జులై 5న బాంబే హైకోర్టులో ఆయన బెయిలు పిటిషను విచారణకు వచ్చిన రోజునే, ఆయన చనిపోయారని ఆసుపత్రి వైద్యుడు కోర్టుకు చెప్పవలసి వచ్చింది. అసలు కేసు విచారణ మొదలే కాలేదు. అదే కేసులో మన వరవరరావుకు 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆరు నెలల వైద్య బెయిలిచ్చింది. దాన్ని శాశ్వతం చేయడానికి 2022 ఆగస్టు దాకా, సుప్రీంకోర్టు దాకా నడవవలసి వచ్చింది. ముంబై దాటకూడదన్నది షరతు. ఎనభై దాటిన హైదరాబాదు మనిషికి పరాయి ఊళ్లో అద్దె ఇల్లు వెతుక్కోవడమే వైద్యమన్నమాట.

బెయిలు వేగం మీద మన ఊళ్లోనూ పాఠాలున్నాయి. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్‌ను 2024 డిసెంబరు 13న అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు 14 రోజుల రిమాండు వేసింది. అదే సాయంత్రం తెలంగాణ హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. కాగితం జైలుకు ఆలస్యంగా చేరడం వల్ల ఆ రాత్రి చంచల్‌గూడలో గడిచింది. ఆ వేగాన్ని తప్పుపట్టే గుంపులో నేను లేను. బెయిలు అలాగే రావాలి, గంటల్లో. అదే రోజు అదే జైల్లో ఉన్న మిగతా రిమాండు ఖైదీలకు ఆ గడియారం ఎందుకు పనిచేయలేదన్నదే నా సందేహం. వాళ్లెవరూ సినిమాలో నటించలేదు, నిజమే.

జగన్‌మోహన్ రెడ్డి విషయంలో గడియారం ఇంకోలా నడిచింది. 2012 మేలో అరెస్టు, 2013 సెప్టెంబరులో బెయిలు, పదహారు నెలలు. మధ్యలో 2013 మేలో సుప్రీంకోర్టు ఆయన పిటిషను కొట్టేస్తూ, ఆర్థిక నేరాలది వేరే తరగతి, బెయిలు దగ్గర వాటిని వేరుగా చూడాలి అంది. అప్పటి నుంచి ఏ మూల ఏ చిట్‌ఫండ్ కేసు వచ్చినా పి.పి. గారి చేతిలో ఆ తీర్పు జిరాక్సు ఉంటుంది. బెయిలు నిరాకరణకు తెలుగువారు దేశానికి అందించిన కానుక అది. చంద్రబాబు నాయుడు 2023 సెప్టెంబరు 9న అరెస్టయితే, అక్టోబరు 31న కంటి ఆపరేషన్ కోసం మధ్యంతర బెయిలు, నవంబరు 20న పూర్తి బెయిలు వచ్చాయి. ఈలోగా టీ కొట్ల దగ్గర కూర్చున్న ప్రతివాడూ అవినీతి నిరోధక చట్టం 17ఎ మీద ధారాళంగా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఒకాయనకు రాకపోతే న్యాయం గెలిచిందని, వస్తే వ్యవస్థలను మేనేజ్ చేశారని రెండు పార్టీల వాళ్లూ అన్నారు. వాక్యాలు అవే, పేర్లు మార్చుకున్నారంతే. కల్వకుంట్ల కవిత కేసు ఇంకో రకం. మనీ లాండరింగ్ చట్టంలో ఆడవాళ్లకు జంట షరతుల నుంచి సడలింపు ఉంది. ఢిల్లీ హైకోర్టు 2024 జులైలో ఆమె బాగా చదువుకున్నారు, నిస్సహాయురాలు కాదు కాబట్టి ఆ సడలింపు వర్తించదంది. ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని తప్పుపట్టి బెయిలిచ్చింది. చదువు వల్ల జైల్లో మరో రెండు నెలలు ఉండే అవకాశం కలుగుతుందని బడుల గోడల మీద ఇంకా రాయించలేదు.

సులువుగా దొరికే బెయిలు కూడా ఉంది, దాన్ని దాచడం అన్యాయం. లఖీంపూర్ ఖేరీలో 2021 అక్టోబరులో ఎనిమిది మంది చనిపోయిన కేసులో అప్పటి కేంద్ర మంత్రి కొడుకు ఆశిష్ మిశ్రాకు మరుసటి ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు బెయిలిచ్చింది. బాధిత కుటుంబాలకు తమ మాట చెప్పుకునే అవకాశమే ఇవ్వలేదని సుప్రీంకోర్టు ఏప్రిల్లో రద్దు చేసింది. సాక్షులకు నిజంగా భయం ఉండే చోట ఆ భయం హైకోర్టుకు కనపడలేదు. భుజం వాచిన గట్టు తగాదాలో మాత్రం కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

బెయిలు ఇచ్చినప్పుడు షరతుల్లో జడ్జిల సృజన వెల్లివిరుస్తుంది. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు, ఓ మహిళను వేధించిన నిందితుణ్ణి మిఠాయి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోమంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కొట్టేసింది. 2021లో బిహార్‌లో ఓ జడ్జి, ఇలాంటి కేసులోనే చాకలి పని చేసే యువకుణ్ణి ఊళ్లో ఆడవాళ్లందరి బట్టలూ ఆరు నెలలు ఉచితంగా ఉతకమన్నాడు. ఊళ్లో ఆడవాళ్లు ఏం నేరం చేశారో ఆర్డరులో లేదు. 2024 మేలో పుణెలో పోర్షే కారు గుద్ది ఇద్దరు చనిపోతే, నడిపిన మైనరుకు బాలల న్యాయ మండలి అదే రోజు బెయిలిచ్చి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమంది. ఈ కాలమ్ అంతకు అయిదారు రెట్లుంది. నేనేం చేశానో ఇంకా తెలియదు. ఇంకోచోట గూగుల్ మ్యాప్స్‌లో పిన్ను పెట్టి దర్యాప్తు అధికారికి ఎప్పుడూ కనపడుతుండాలన్నారు. అదేం కుదరదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పేదాకా అది బెయిలే అనిపించుకుంది.

బెయిలు వచ్చినంత మాత్రాన మనిషి రాడు. ఇద్దరు జామీనుదార్లు, ఇంటి పన్ను రశీదు, ఆధారు, ఆస్తి విలువ కాగితం. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రికి సుప్రీంకోర్టే బెయిలిస్తే, కింద మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ అడిగి, పూచీ పడతానన్న సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. ఆ మేజిస్ట్రేటు ఆత్మ నేటికీ ప్రతి కోర్టులో క్షేమంగా ఉంది. కోర్టు గేటు బయట టీ బండి దగ్గర మాత్రం, ముక్కూమొహం తెలియని ముద్దాయికి కమీషన్ మీద పూచీ పడే పెద్దమనుషులు వాళ్ల రశీదులతో సహా దొరుకుతారు. సొంత అన్న పనికిరాడు, అద్దె బావమరిది పనికొస్తాడు. విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు జామీను సొమ్ము సర్కారే కడుతుందని 2023లో పథకం వచ్చింది.  2021లో ఆగ్రా జైలు ఖైదీలు బెయిలొచ్చాక కూడా లోపలే ఉండిపోయారని తెలిసి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన ఎన్.వి. రమణ, ఈ డిజిటల్ రోజుల్లో కూడా ఆర్డర్ల కోసం ఆకాశంలో పావురాల వైపు చూస్తున్నామని విసుక్కున్నారు. ఆ అక్టోబరులో ఆర్థర్ రోడ్ జైలు గుమ్మంలోని బెయిలు పెట్టెలో సాయంత్రం వేళకు కాగితం పడక షారుఖ్ ఖాన్ కొడుకు కూడా మరో రాత్రి లోపలే ఉన్నాడు. సమానత్వం ఆ పెట్టె దగ్గర ఒక్క రాత్రి సాధ్యమైంది.

కింది కోర్టు జడ్జిలను ఊరికే ఆడిపోసుకోవడం కూడా సరికాదు. వాళ్లకు భయపడటానికి కారణాలున్నాయి. గాలి జనార్దన రెడ్డికి 2012లో బెయిలిచ్చిన హైదరాబాదు సి.బి.ఐ. ప్రత్యేక జడ్జి, ముడుపులు తీసుకున్నారన్న ఆరోపణపై సస్పెండై అరెస్టు కూడా అయ్యారు. ఆరోపణ సంగతి అలా ఉంచితే, ఆ వార్త విన్న ప్రతి జడ్జికీ ఒక లెక్క తెలిసింది: బెయిలిస్తే ఎందుకిచ్చావని అడుగుతారు, ఇవ్వకపోతే ఎవరూ అడగరు. నిరపరాధి మూడేళ్లు లోపలుంటే ఏ విజిలెన్సూ విచారణ వేయదు. మనీశ్ సిసోదియాకు పదిహేడు నెలల తర్వాత 2024 ఆగస్టు 9న బెయిలిస్తూ, కింది కోర్టులూ హైకోర్టులూ తమ జాగ్రత్త తాము చూసుకుంటున్నాయని సుప్రీంకోర్టు వాపోయింది. మళ్లీ కింది కోర్టుకు పొమ్మంటే వైకుంఠపాళి ఆడించినట్టే అవుతుందంది. అంతకుముందు 2023 అక్టోబరులో ఆయన పిటిషను కొట్టేసి కిందికి దించింది ఏ పామో తీర్పులో రాయలేదు.

2022 జులైలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు, ఇంగ్లండులో ఉన్నట్టు మనకూ బెయిలుకు విడిగా ఒక చట్టం చేయండని కేంద్రానికి సూచించింది. కేంద్రం చాలా సీరియస్‌గా తీసుకుంది. 2024 జులై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహిత అమల్లోకి తెచ్చి, బెయిలు సెక్షన్లు 437, 438, 439 ఉన్న చోట 480, 482, 483 వేసింది. కోర్టు ఎదుటి జిరాక్సు షాపులో పాత బెయిలు ఫారాలు కట్టలు కట్టలుగా మిగిలిపోతే, జూనియర్ వకీళ్లు 439 మీద అడ్డగీత కొట్టి పైన 483 అని చేత్తో రాసి వేస్తున్నారు. కింద రాసిన విన్నపం, దాని కింద రాబోయే జవాబు మార్చవలసిన అవసరం ఎవరికీ కనపడలేదు.